ఎవ్వరి పిల్ల

మంగ నోరు తెరవడం లేదు.

బడి వరండాలో నాలుగు వరుసల్లో పిల్లలు తలెలు ముందు పెట్టుకొని తింటున్నారు. ఒకటో తరగతి వరుస చివర, గోడకు ఆనుకొని కూర్చున్న మంగ తలెలో మాత్రం అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఉడికించిన గుడ్డును పిడికిట్లో పట్టుకుంది. తినడానికి కాదు, వెచ్చగా ఉందని. పసుపు సీజనుకు మార్కెట్ యార్డులో పని కోసం సిరికొండ నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. బడిలో చేరి పది రోజులు. ఆ పది రోజుల్లో ఆ పిల్ల గొంతు విన్నవాళ్ళు లేరు.

కమలవ్వ సాంబారు బకెట్టు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని మంగ ముందు కూలబడింది. మోకాళ్ళు చిటుక్కుమన్నాయి. ఆ బడిలో ఆమె వంట చేయబట్టి పన్నెండేళ్ళు. మంగ పిడికిట్లోంచి గుడ్డును మెల్లగా తీసుకొని, దాని నున్నటి నెత్తిని వేలితో నిమిరింది.

"గుండు గుండు గుడ్డు గుండు
దువ్వెనడిగె గుడ్డు గుండు
దువ్వెనెందుకె గుడ్డు గుండు
పెండ్లికి పోవాలె గుడ్డు గుండు."

రెండో వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. మంగ పెదవి ఒక పక్కకు కొంచెం కదిలింది, అంతే. గుడ్డు గుండుకు లొంగని పిల్లల కోసం కమలవ్వ దగ్గర మేకపిల్ల పాట ఉంది. ఆమె అన్నం పిసికి చిన్న ముద్ద చేసి పట్టుకుంది.

"మేకపిల్ల మేకపిల్ల మెత్తని పిల్ల
పసుపు కుప్పల పన్నదట తెల్లని పిల్ల
తెల్లగ పొయ్యి పచ్చగ ఒచ్చె ఇంటికి పిల్ల
తల్లి జూసి అడిగిందట, ఎవ్వరి పిల్ల?"

అక్కడ ఆపేసింది. ఆ తర్వాతి మాట ఆమె ఎన్నడూ తాను అనదు. తినేవాళ్ళే తమ తల్లి పేరు చెప్పాలి. చెప్పాలంటే నోరు తెరవాలి.

"చెప్పు బిడ్డా. తల్లి గడప కాడ నిలబడ్డది. పచ్చగ అయినవని గుర్తు వడుతలేదు. ఎవ్వరి పిల్లవే అంటున్నది. ఏమంటవ్?"

మంగ ఆ ముద్దకేసి చూసింది. కమలవ్వ ముఖంకేసి చూసింది.

"పోచవ్వ పిల్ల" అంది.

ముద్ద లోపలికి పోయింది. వరుసలన్నీ ఒక్కసారి "ఓ" అన్నాయి. కమలవ్వ తలెత్తలేదు, రెండో ముద్ద కలుపుతోంది.

ఆ మధ్యాహ్నమే ఆటోలో పిల్లల పాటల పుస్తకాల కట్టలు వచ్చాయి. హెడ్మాస్టరు దయానంద్ సారు దగ్గరుండి దింపించి, ఒక కట్ట విప్పి నాలుగూ ఐదూ తరగతులకు పంచాడు. శనివారం మాతృభాషా దినోత్సవం, ఆ రోజు నిజామాబాద్ నుంచి పెద్దలు వచ్చి పుస్తకాన్ని విడుదల చేస్తారని, అంతలోపు పిల్లలు పాటలన్నీ నోటికి నేర్చుకోవాలని చెప్పాడు.

బడి వదిలాక నందిని వంటగది వెనక్కు పరుగెత్తుకొచ్చింది. ఐదో తరగతి. ఇల్లు కమలవ్వ ఇంటి దగ్గరే కాబట్టి, వాళ్ళమ్మ పనినుంచి వచ్చేదాకా రోజూ కమలవ్వ దగ్గరే ఉంటుంది. కమలవ్వ బగోనె అడుగు బూడిదతో తోముతోంది.

"అవ్వా, నీ పాట బుక్కుల ఒచ్చింది."

"నా పాటేంది, బుక్కేంది?"

"సూడు మల్ల."

నందిని పుస్తకం తిప్పి ముఖం ముందు పెట్టింది. పేజీ నిండా గుడ్డు. గుడ్డుకు కళ్ళు, మీసాలు, మెడలో పెండ్లి దండ. బోడి నెత్తి మీద దువ్వెన పెట్టుకొని అద్దంలో చూసుకుంటోంది. కమలవ్వకు చదువు రాదు. కానీ ఆ బొమ్మ ఏ పాటదో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. బూడిద చేయి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"మీసాలు గూడ వెట్టిండే. అరెరె. ఇంకోటి సూపియ్యి."

నందిని పేజీలు తిప్పింది. పొయ్యి మీద అలిగిన పాలు, చెప్పులు పోగొట్టుకున్న జెర్రి, వాన కోసం గొడుగు పట్టుకొని ఎదురు చూసే కప్ప. పద్దెనిమిది పాటలు. పద్దెనిమిదీ ఈ వరండాలోనే, ఎవరో ఒకరు తిననని మొండికేసిన రోజున పుట్టినవి. జెర్రి పాట ఏ పిల్ల కోసమో, కప్ప పాట ఏ వానాకాలంలోనో కమలవ్వ చెప్పగలదు. ఆఖరి పేజీలో మేకపిల్ల ఉంది. పచ్చటి చేను నడుమ పసుపు రంగు మేకపిల్ల.

"సదువు బిడ్డా."

నందిని వేలు పెట్టి చదివింది.

"మేకపిల్ల మేకపిల్ల మెత్తని పిల్ల
పసుపు తోటలో పడుకుందంట తెల్లని పిల్ల
తెల్లగ వెళ్ళి పచ్చగ వచ్చె ఇంటికి పిల్ల
తల్లి చూసి అడిగిందంట, ఎవ్వరి పిల్ల?
నీ పిల్లనే తల్లీ నేను, నీ ముద్దుల పిల్ల."

బగోనె మీద కమలవ్వ చేయి ఆగింది.

"ఆఖరిది ఇంకోసారి సదువు."

నందిని చదివింది.

"గట్లనే ఉన్నదా?"

"గట్లనే ఉన్నదవ్వా."

"ఎవలు జెప్పిన్రని రాసిన్రు? పేరు ఉంటది గద."

నందిని అట్ట తిప్పింది. "బొమ్మలు, గంగాదాస్. సేకరణ, దయానంద్. సేకరణ అంటే ఏరుకచ్చుడంట, సార్ జెప్పిండు. పత్తి ఏరినట్టు." తర్వాత పాట కింద ఉన్న చిన్న అక్షరాలు చూసింది. "ఈడ జానపదం అని ఉన్నది. అన్ని పాటల కింద గదే ఉన్నది."

"అంటే?"

"ఎవలు కట్టిన్రో తెల్వదన్నట్టు."

కమలవ్వ బగోనె కడిగి బోర్లించింది. కింద పారిన నీళ్ళను చీపురుతో కాలువలోకి తోసింది. తోసిన చోటే మళ్ళీ తోసింది.

"బొమ్మలేసినాయన పేరున్నది. ఏరినాయన పేరున్నది" అంది. నందినితో కాదు, ఎవరితోనూ కాదు.

*

గురువారం పొద్దున్నే, పిల్లలు రాకముందే, ఆమె ఆఫీసు గది గుమ్మంలో నిలబడింది. యార్డులో పసుపు కొమ్ములు ఆడించి నున్నగా చేసే డ్రమ్ములు అప్పటికే మొదలయ్యాయి. ఆ రోజుల్లో గాలి అటునుంచి తిరిగితే బడి కిటికీ చువ్వల మీద కూడా పచ్చటి పొడి పేరుకుంటుంది. దయానంద్ రుమాలుతో బల్ల తుడుచుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి. పిల్లలను కొట్టడు, ఎవరినీ గట్టిగా మాట అనడు.

"రా కమలవ్వా. శనివారం నూరు మందికి కిచిడీ. చెప్పిన్నా?"

"చెప్పిన్రు సార్. బుక్కు జూసిన."

దయానంద్ రుమాలు మడిచాడు.

"బొమ్మలు మస్తుగున్నయి" అంది కమలవ్వ. "గుడ్డుకు మీసాలు వెట్టిండు, మంచిగున్నది. గని మేకపిల్లను చేన్ల పండవెట్టిన్రు."

"ఏమైంది అట్ల పెడితే?"

"చేన్ల పంటె మన్నంటుతది సార్. పసుపంటదు. పసుపు భూమి లోపలుంటది. తవ్వాలె, ఉడకవెట్టాలె, ఎండవెట్టాలె, డ్రమ్ముల ఆడియ్యాలె. గప్పుడు కుప్ప వోస్తరు. గా కుప్ప మీద పంటెనే మేక పచ్చగైతది. యార్డు కాడ నేను కండ్లార జూసిన. తెల్లమేక, దాని పిల్ల. పిల్ల పచ్చగై ఒస్తె తల్లి పాలియ్యలే, మూతితోని నూకింది. గది జూసినంకనే పాట గట్టిన."

"నువ్వు కట్టినవా?"

"ఇంకెవలు గడుతరు?"

దయానంద్ కాసేపు కిటికీకేసి చూశాడు. "కమలవ్వా, ఇసొంటి పాటలు మన ఊళ్ళల్ల ఎన్నో తరాల సంది ఉన్నయి. మీ ఇంట్ల పెద్దోళ్ళెవరో పాడి ఉంటరు. నువ్వు చిన్నప్పుడు విని ఉంటవు. మనసుల పడి, నేనే కట్టిన్నని అనిపిస్తది."

"మా ఇంట్ల ఎవ్వలు పాడలే."

"గుర్తుండదు. అది తప్పుకాదు. జానపదం అంటే చిన్న మాట కాదు, అందరిదీ అన్నట్టు. పెద్ద గౌరవం అది."

"ఎవలు కట్టిన్రో తెల్వదన్నట్టు అని జెప్పింది నందిని పొల్ల."

బయట గేటు చప్పుడైంది. పిల్లలు రావడం మొదలైంది.

"నేను ఈడనే ఉన్న గద సార్" అంది కమలవ్వ. "రోజు మీకు బువ్వ వెట్టేది నేనే. తెల్వకపోతె అడగకపోతిరా?"

"బుక్కులు అచ్చయినయి కమలవ్వా. ఇప్పుడు ఏం జేస్త?" అన్నాడతను, చాలా మెల్లగా.

ఆమె వంటగదికి పోయి పొయ్యి వెలిగించింది. ఆ రోజు బియ్యంలో రాళ్ళు ఎక్కువున్నాయి. చాటలో పోసి, ముఖం దగ్గరగా పెట్టుకొని, గంట కొట్టేదాకా ఏరుతూనే ఉంది.

*

శనివారం వరండాకు షామియానా కట్టారు. కుర్చీలు వేశారు. నిజామాబాద్ నుంచి వచ్చిన పెద్దమనుషులు పుస్తకాలు చేతిలో పట్టుకొని ఫొటోలు దిగారు. పుస్తకం వేయించిన సంస్థ తరఫున వచ్చినాయన మన పల్లెల నోట దాగిన సంపద గురించి మాట్లాడాడు. ఆ సంపదను ఎవరు ఎప్పుడు సృష్టించారో తెలియదని, అదే దాని గొప్పతనమని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బొమ్మలేసిన గంగాదాస్‌కు శాలువా కప్పారు. మూలన ఇబ్బందిగా నిలబడి ఉన్న బక్కపలచటి మనిషి.

కమలవ్వ వంటగది కిటికీలోంచి చూస్తోంది. కిచిడీ బగోనె దించేసింది. చారు మరుగుతోంది.

పిల్లలు వరుసగా నిలబడి పాడారు. గుడ్డు గుండుకు పెద్దలు కూడా నవ్వారు. చివర మేకపిల్ల. నలభై గొంతులు ఒక్కటై సాగాయి. "తల్లి చూసి అడిగిందంట, ఎవ్వరి పిల్ల?" అన్న దగ్గర ముందు వరుసలో నిలబడ్డ మంగ, ఊపిరి పీల్చుకొని, తల పైకెత్తి "పోచవ్వ పిల్ల" అంది. ఆ మాట కిటికీ దాకా వినిపించింది. పక్కనున్న పిల్ల ఆమె మోచేయి గిల్లింది. మిగతా గొంతులన్నీ "నీ పిల్లనే తల్లీ నేను" అని ఎత్తుకున్నాయి. మంగ చుట్టూ చూసి నోరు మూసుకుంది.

ఆఖర్న దయానంద్ వందన సమర్పణ చేశాడు. ఒక్కొక్కరి పేరు చదివాడు. షామియానా ఇచ్చినాయన పేరు, మైకు పెట్టినాయన పేరు. కాగితం చివరికి వచ్చి ఆగాడు. కిటికీ వైపు చూశాడు.

"ఈ రోజు మనందరికీ రుచికరమైన కిచిడీ చేసిన కమలవ్వకు కూడా మన కృతజ్ఞతలు."

చప్పట్లు గట్టిగానే పడ్డాయి. అప్పటికే అందరూ ఆకలి మీద ఉన్నారు. కమలవ్వ గంటె చేత్తో పట్టుకొని అలాగే నిలబడింది. ఎవరో "ఏది, ఆమె ఏది" అని తిరిగి చూశారు. ఆమె కిటికీ దగ్గరనుంచి పక్కకు జరిగింది.

ఆదివారం ఆమెకు ఏ పనీ ఉండదు. ఉన్న ఒక్క గదిని రెండుసార్లు ఊడ్చింది. ఇంత అన్నం వండుకుంది. పిల్లల గిన్నెల కొలతకు అలవాటుపడ్డ చేతికి, ఒక్క మనిషికి ఎంత బియ్యం పోయాలో ఇప్పటికీ సరిగా తెలియదు. సాయంత్రం నీలవ్వ ఫోన్ చేసింది. వాళ్ళిద్దరూ తొమ్మిదేళ్ళు కలిసి వండారు. మోకాళ్ళు పోయి నీలవ్వ మెండోరలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

"కమలా, నీ పాటలు గీడికి గూడ ఒచ్చినయే. మా మనుమడు బడినుంచి బుక్కు తెచ్చిండు. పొద్దందాక మేకపిల్ల, మేకపిల్ల."

"గట్లనా?"

"గిది మా కమల గట్టిన పాటరా అంటె నవ్వుతుండు. బుక్కుల పాటలు వంటామె గడుతదా అంటుండు."

కమలవ్వ కూడా నవ్వింది. నవ్వు తొందరగా అయిపోయింది.

"ఆఖరికి ఏమంటున్నడే? నీ బిడ్డ పేరు జెప్తుండా?"

"లేదు. ముద్దుల పిల్ల అంటుండు. నువ్వు గట్ల అనవు గద?"

"గట్లనే అననియ్యి" అంది కమలవ్వ. తర్వాత చాలాసేపు నీలవ్వ మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

*

సోమవారం మళ్ళీ గుడ్డు రోజు. కమలవ్వ అన్నం పెట్టింది, సాంబారు పోసింది, తలెకొక గుడ్డు వేసింది. మంగ ముందు బకెట్టు దించలేదు. ముందుకు నడిచింది.

"అవ్వా, మంగ తింటలేదు" అన్నారెవరో.

"తింటది."

"పాట పాడవా?"

"బుక్కుల ఉన్నది గద. సదువుకోండ్రి."

ఆ మాటలో కోపం లేదు. ఐదో తరగతి పిల్లలు తామే మేకపిల్ల అందుకొని, మంగకేసి తిరిగి, చివరి దాకా తప్పు లేకుండా పాడి ముగించారు. ఆ పాటలో మంగ చెప్పాల్సిందేమీ లేదు. గుడ్డు పిడికిట్లో పట్టుకొని కూర్చుంది. వరండాలో తలెల చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా ఆ పూట భోజనం గడిచింది. పన్నెండేళ్ళలో అలాంటి పూట లేదు.

దయానంద్ ఆఫీసు గది గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. తిని చేయి కడుక్కొని లోపలికి పోలేదు. పిల్లలంతా తరగతులకు వెళ్ళాక వంటగది గడప మీదికి వచ్చి కూర్చున్నాడు. ప్యాంటుకు మసి అంటుతుందని కమలవ్వ గోనె సంచి ఇవ్వబోతే వద్దన్నాడు.

"నాకు తెలుసు కమలవ్వా" అన్నాడు.

ఆమె పొయ్యిలో నిప్పులు ఎగదోస్తోంది.

"రెండేండ్లు ఆఫీసు గది కిటికీ కాడ నిలబడి ఫోన్ల రికార్డు చేసిన. ఒక్కోనాడు ఒక్కో పేరు వచ్చేది. మహేశ్వరి పిల్ల అని ఒకనాడు, ఇంకో తల్లి పేరు ఇంకోనాడు. పాతపాట అయితే అట్ల మారదని తెలుసు. పుస్తకం వేసేటోళ్ళు పాతపాటలే కావాలన్నరు. మా బడి వంటమనిషి కట్టింది అని రాస్తే పక్కన పెడుతరని అనుకున్న. అందుకే యార్డు తీసేసి తోట పెట్టిన. ఆఖరి లైను నేనే రాసిన."

"గది మీదేనని ఎరుకైంది సార్" అంది కమలవ్వ. "ముద్దుల పిల్ల అని మేము అనం."

దయానంద్ తల వంచుకున్నాడు. "వాళ్ళకు ఉత్తరం రాస్త. మళ్ళ అచ్చేస్తే నీ పేరు వేయిస్త. వేస్తరో లేదో చెప్పలేను. జిల్లా అంతట పంచేసిన్రు."

"పేరు వెడితె వెట్టుండ్రి, లేకుంటె లేదు. నేను సదువుకుంటనా ఏమన్ననా?" ఆమె కట్టెపుల్ల పక్కన పడేసింది. "గా ఆఖరి లైను కొట్టెయ్యుండ్రి. మంగ పొల్లకు నోరు దెరువ జాగ లేకుండ జేసిన్రు."

అతను గడప మీదినుంచి లేచి వెళ్ళాడు.

చివరి పీరియడ్‌లో పుస్తకాలున్న పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టాడు. మిగిలిన కట్ట కూడా విప్పి చిన్న తరగతులకు పంచాడు. ఆఖరి పేజీ తీయమన్నాడు. ఆ పాట ఎవరు కట్టారో చెప్పాడు. తాను ఏం మార్చాడో కూడా చెప్పాడు. కింది లైను పెన్నుతో కొట్టేసి, ఎవరి తల్లి పేరు వాళ్ళు రాసుకోమన్నాడు. అచ్చు పుస్తకంలో గీతలు గీయమని సారే చెప్పడంతో పిల్లలు మొదట నమ్మలేదు. తర్వాత వరండా అంతా పెన్నుల గరగర. నందిని "జానపదం" అన్న మాటను కూడా కొట్టేసి, పైన "కమలవ్వ" అని రాసి, తర్వాత మంగ పక్కకు జరిగింది. మంగ చేతిని తన చేతితో పట్టుకొని "పోచవ్వ" అని రాయించింది. వత్తు పెద్దదై మేకపిల్ల కాలికి తగిలింది.

కమలవ్వ ఇదంతా స్తంభం పక్కన నిలబడి చూసింది. మెండోరలో ఇప్పుడు నీలవ్వ మనుమడు ఏం పాడుతుంటాడో అనుకుంది.

బడి వదిలారు. ఆ పూట నందినిని కూడా వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోయింది. వరండా ఖాళీ అయింది. కమలవ్వ చాపలు దులుపుతుంటే దయానంద్ చేతిలో పుస్తకంతో వచ్చాడు.

"ఇది నీది. రాసి ఇస్త. నీ దాంట్ల ఎవ్వరి పేరు రాయాలె?"

ఆమె చాప చుట్టి గోడకు పెట్టింది. ఇంకొకటి తీసుకోలేదు.

"లింగవ్వ" అంది.

"మీ అమ్మనా?"

"మా అమ్మనే. ఆమెకు మాట రాకుండె సార్. నన్ను ఎన్నడు పేరు వెట్టి పిలువలే. చప్పట్లు గొట్టి పిలుస్తుండె. నా పిల్ల అని గూడ నోటితోని అనలే, ఏడికెళ్ళి అంటది. ఆమె పేరు గూడ ఇప్పుడు ఎవ్వలు తలువరు. నేనొక్కదాన్నే."

దయానంద్ స్తంభానికి పుస్తకం ఆనించి, ఒక లైను కొట్టేసి, నిదానంగా రాశాడు. అక్షరాలు గుండ్రంగా, పలక మీద పిల్లలకు రాసి ఇచ్చినట్టు వచ్చాయి. ఆమె వాటిని చూసింది. ఏది "లిం", ఏది "వ్వ" అని అడగలేదు.

"సదువుండ్రి సార్."

అతను మొదటి నుంచి చదివాడు. తోట అన్న దగ్గర ఆగి, కుప్ప అని దిద్దుకున్నాడు. చివరికి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"లింగవ్వ పిల్ల."

కమలవ్వ కొంగు భుజం మీదికి లాక్కొని, ఖాళీ వరండా అంతా ఒకసారి చూసింది.

"జర గట్టిగ సదువుండ్రి సార్" అంది. "ఈడ ఎవ్వలు లేరు గద."